బోధన్: ఫ్యాక్టరీతో పాటు రోస్టర్ కూడా అమ్ముడుపోయింది

కందకుర్తి అనగానే చాలామందికి గుర్తొచ్చేవి రెండే. ఒకటి గోదావరి, మంజీరా, హరిద్ర నదులు కలిసే త్రివేణి సంగమం. రెండోది ఆరెస్సెస్ స్థాపకుడు హెడ్గేవార్ పూర్వీకుల ఊరన్న సంగతి. గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టేది ఇక్కడే కాబట్టి పుష్కరాలకు వేలమంది వస్తారు, మునుగుతారు, వెళ్లిపోతారు. ఈ నీళ్లతో పండిన పొలాల్లో తరతరాలుగా వంగి పనిచేసిన మాల, మాదిగ కుటుంబాల గురించి మాత్రం ఏ బోర్డు మీదా ఒక్క ముక్క కనిపించదు.

కందకుర్తికి కాస్త దక్షిణంగా ఉంటుంది బోధన్. ఒకప్పటి రాజధాని, నిన్నమొన్నటి దాకా చక్కెర పట్టణం, ఇవాళ మూతబడిన ఫ్యాక్టరీ ఉన్న ఊరు. నిజాం షుగర్స్‌ను మళ్లీ తెరుస్తామన్న మాట ఎన్నికల ముందూ తర్వాతా వినిపిస్తూనే ఉంది. ఆ చర్చలో రైతు బకాయిల గురించి మాట్లాడతారు, బ్యాంకు అప్పుల గురించి మాట్లాడతారు, యంత్రాల వయసు గురించి మాట్లాడతారు. ఆ ఫ్యాక్టరీ తెరిస్తే అందులో రిజర్వేషన్ ఉంటుందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలియాలంటే, ఈ ప్రాంతం ఎలా బతికిందో మొదటి నుంచీ చూడాలి.

నూనె తటాకం ఎవరు నింపారు?

బుద్ధుడి కాలం నాటి పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఒక్కటే, అశ్మక. దాని రాజధాని పోదన. ఆ పోదనే నేటి బోధన్ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలో వచ్చే బావరి ఈ గోదావరి తీరంలోనే అశ్మక, ములక రాజ్యాల సరిహద్దున ఉండేవాడు. తన పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి ప్రశ్నలతో పంపాడు. తెలుగు నేలకు బౌద్ధం వచ్చిన దారి గురించి మాట్లాడేటప్పుడు ఈ కథతోనే మొదలుపెట్టడం అందుకే.

తర్వాత వేములవాడ చాళుక్యుల తొలి రాజధానిగా బోధన్ పేరు మళ్లీ వినిపిస్తుంది. ఆ వంశంలో మొదటి యుద్ధమల్లుడు తన ఐదు వందల ఏనుగులకు నూనె నింపిన తటాకంలో స్నానం చేయించాడని ఆ వంశ చరిత్ర గొప్పగా చెప్పుకుంది. చరిత్ర విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అంత నూనె కావాలంటే ఎన్ని ఎకరాల నువ్వులు పండాలి? ఎన్ని గానుగలు ఎన్నాళ్లు తిరగాలి? ఏనుగుల లెక్క మిగిలింది కానీ గానుగ తిప్పిన చేతుల లెక్క మిగల్లేదు.

బోధన్‌లోని దేవల్ మసీదు కూడా ఇలాంటి పొరలున్న కట్టడమే. దాని స్తంభాల మీద ఇప్పటికీ తీర్థంకరుల బొమ్మలు కనిపిస్తాయి. గుడిగా ఉన్న ఆ కట్టడం తుగ్లక్‌ల కాలంలో మసీదయింది. ఏ రాజు ఎవరిది తీసుకున్నాడన్న తగాదా ఈ ఊళ్లో తేలిగ్గా రాజుకుంటుంది. 2022 మార్చిలో శివాజీ విగ్రహం విషయంలో ఉద్రిక్తత తలెత్తి 144 సెక్షన్ పెట్టేదాకా వెళ్లింది. ఆ రోజు బోధన్ టీవీల్లో కనిపించింది. ఫ్యాక్టరీ కార్మికులు జీతాల్లేకుండా గడిపిన ఏళ్లకు అందులో పదో వంతు చోటు కూడా దొరకలేదు.

నీరటి నుంచి లష్కర్ దాకా

కాలువలు రాకముందు తెలంగాణ ఊళ్లలో చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో తెలిసిన మనిషి నీరటి. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలదే. వానాకాలం రాత్రి కట్టకు గండి పడితే మొదట పరిగెత్తాల్సింది వాళ్లే. చెరువు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడికి ఆయకట్టులో ఎకరం భూమి ఉండేది కాదు. పంట నుంచి కొలిచి ఇచ్చే గింజలే అతని కూలి.

1923లో మంజీరా మీద నిజాంసాగర్ ప్రాజెక్టు మొదలై 1931లో పూర్తయింది. దాని రూపశిల్పి ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. బోధన్, వర్ని, కోటగిరి వైపు మెట్ట నేలలు మాగాణి అయ్యాయి. అయితే ఆ నేలలు ఎవరికి దక్కాయి? కాలువ కింద సేద్యం తెలిసిన రైతులు కావాలని ప్రోత్సహించడంతో కోస్తా జిల్లాల నుంచి డబ్బు, అనుభవం ఉన్న రైతు కులాలు వచ్చి భూములు కొన్నాయి. ఇప్పటికీ ఈ ప్రాంతంలో ఊరి పేరు చివర 'క్యాంప్' అని వినిపిస్తే అది ఆ వలసల గుర్తే. స్థానిక భూస్వాములూ బాగుపడ్డారు. తూము దగ్గర నీరటి స్థానంలో ఇరిగేషన్ శాఖ లష్కర్ వచ్చాడు. భూమి లేని నీరటి కొత్త మాగాణిలో కూలీగా మిగిలాడు.

ఆ కూలికి కూడా స్వేచ్ఛ లేదు. పెళ్లికో, చావుకో తీసుకున్న అప్పుకు ఏళ్ల తరబడి దొర ఇంట్లో జీతం ఉండే పద్ధతిని హైదరాబాద్ రాజ్యంలో భగేలా అనేవారు. 1936లో నిజాం ప్రభుత్వమే భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి చట్టం తేవాల్సి వచ్చిందంటే అది ఎంత పాతుకుపోయిందో అర్థమవుతుంది. దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం రావడానికి మరో నలభై ఏళ్లు, 1976 దాకా పట్టింది.

ఆడవాళ్ల విషయంలో ఈ కట్టుబాటు మరో రూపం తీసుకుంది. మాల, మాదిగ ఆడపిల్లలను దేవత పేరు మీద జోగినిగా మార్చే దురాచారం నిజామాబాద్ జిల్లాలో బలంగా ఉండేది. పేరు దేవుడిది, దోపిడీ ఊరి పెద్దలది. దాన్ని నిలదీసిన వారిలో మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం ముందుంటారు. వర్ని ప్రాంతంలో ఆమె చేసిన పని రాష్ట్రంలో చర్చ లేపింది. 1988లో జోగిని, దేవదాసి వ్యవస్థలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. పచ్చని మాగాణి ఉన్నచోటే ఈ ఆచారం ఎందుకు బతికింది? భూమి ఒకరి చేతిలో, ఆకలి మరొకరి ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇంటి ఆడపిల్ల మీద ఊరికి హక్కు పుట్టుకొస్తుంది. పచ్చదనం ఎంతమందికి అన్నది వేరే లెక్క.

లందలో పుట్టిన సాంకేతికత

చేతివృత్తుల చరిత్ర రాసేవాళ్లు చీరలు, చిత్రాలు, ఇత్తడి బొమ్మల దగ్గర ఆగిపోతారు. వ్యవసాయాన్ని నడిపిన తోలు పని ఆ జాబితాలో ఉండదు. బావిలోంచి నీరు తోడిన మోట బొక్కెన తోలుదే. ఎద్దు మెడకు వేసిన పట్టెడ, కాడికి కట్టిన వార్లు, రైతు కాలి చెప్పులు, ఊరిని పిలిచిన డప్పు, అన్నీ మాదిగ చేతి పనే.

ఆ పని వెనుక ఉన్నది అచ్చంగా రసాయన శాస్త్రం. పచ్చి చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెడితే వెంట్రుక వదులవుతుంది. గీకి శుభ్రం చేసి తంగేడు చెక్క రసంలో లందలో ఊరబెడతారు. ఆ చెక్కలోని వగరు గుణం చర్మాన్ని కుళ్లకుండా తోలుగా మారుస్తుంది. ఎన్ని రోజులకు తీయాలి, ఎండలోనా నీడలోనా ఆరబెట్టాలి, బొక్కెనకు వీపు తోలు వాడాలా పొట్ట తోలు వాడాలా అన్నది పుస్తకంలో రాసి లేదు. రంపె, ఆరె పట్టిన చేతికి తెలుసు. ఆ తోలుతో తోడిన నీళ్లు పవిత్రం, దాన్ని కుట్టిన చెయ్యి మాత్రం అంటరానిది.

పశ్చిమ ఆఫ్రికాలో మాలి దేశపు మాండే సమాజాల్లోనూ తోలు పనివాళ్లు, కమ్మరులు, వంశ గాయకులు వేరు వేరు పుట్టుక సమూహాలు. తమలో తాము తప్ప బయట పెళ్లిళ్లు చేసుకోవడం ఉండేది కాదు. అయితే అక్కడ వాళ్ల పనిలో ఏదో శక్తి ఉందని సమాజం జంకింది. ఇక్కడ మైల అంటగట్టి ఊరి బయట పెట్టింది. వృత్తి వంశపారంపర్యం కావడం ఒక సమస్య, దానికి అంటరానితనం తోడవడం ఇంకా పెద్ద సమస్య. అంబేడ్కర్ కులాన్ని శ్రమ విభజనగా కాక శ్రామికుల విభజనగా చూడమన్నది ఇందుకే.

కాలువ నీరు పారిన పొలాలకు మోటతో పని లేకుండా పోయింది. తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మిగతా చోట్లా బొక్కెనను పక్కకు పెట్టాయి. కంపెనీ చెప్పులు వచ్చి ఊరి చెప్పును మరిపించాయి. వృత్తి పోయినందుకు ఎవరూ పరిహారం ఇవ్వలేదు. ప్రాజెక్టు లెక్కల్లో పంట పెరుగుదల రాశారు కానీ, ఖాళీ అయిన లందలను ఎవరూ లెక్కపెట్టలేదు.

శక్కర్‌నగర్ కూత

1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం దేశీయ చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పిస్తూ చట్టం చేసింది. దిగుమతి చక్కెర ఖరీదు కావడంతో దేశమంతటా మిల్లులు లేచాయి. నిజాంసాగర్ నీరు చేతిలో ఉన్న హైదరాబాద్ రాజ్యం 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొల్పింది. దాని చుట్టూ పెరిగిన బస్తీకి శక్కర్‌నగర్ అని పేరు. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు వచ్చింది. ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల చెరకు క్షేత్రాలుండేవి. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఊరు గర్వంగా చెప్పుకునేది.

చక్కెర పరిశ్రమ లెక్క అర్థమైతే ఊరి లెక్క అర్థమవుతుంది. నరికిన చెరకును ఒకటి రెండు రోజుల్లో గానుగాడకపోతే తీపి తగ్గిపోతుంది. అందుకే పొలం, బండి, మిల్లు దగ్గర దగ్గరగా ఉండాలి. సీజను నవంబరు నుంచి వేసవి మొదలయ్యేదాకా, నాలుగైదు నెలలు. టన్ను చెరకు నుంచి సుమారు వంద కిలోల చక్కెర వస్తుంది. మిగిలిన పిప్పి బాయిలర్లో మండుతుంది, మొలాసిస్ నుంచి ఆల్కహాల్ తీస్తారు. ఏదీ వృథా పోదు.

ఈ గొలుసులో అందరికంటే కింద ఉండేవాడు చెరకు నరికే కూలీ. చెరకు ఆకు అంచు కత్తిలా కోస్తుంది. తెల్లవారకముందే కొడవలి పట్టాలి, మోపు కట్టాలి, బండికెత్తాలి. రైతుకు కనీస ధర కేంద్రం ప్రకటిస్తుంది. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పద్నాలుగు రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలి. అమలు సంగతి అలా ఉంచినా, చేతిలో పట్టుకుని కొట్లాడటానికి రైతుకు ఒక కాగితం ఉంది. అదే చెరకు నరికినవాడికి అలాంటి కాగితం లేదు. మధ్యలో ముకద్దమ్ ఇచ్చిన అడ్వాన్సే అతని చట్టం.

అయినా ఈ ఫ్యాక్టరీ దళితులకు ఒక కొత్త తలుపు తెరిచింది. ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి రాజ్యాంగంలోని 16(4) అధికరణ కింద నియామకాల్లో రిజర్వేషన్ వర్తిస్తుంది. అంటే గేటు లోపల ఒక రోస్టర్ ఉంటుంది. దొర సిఫార్సు లేకుండా, ఎవరి పొలంలో ఎవరు జీతం ఉన్నారన్నది అడక్కుండా, రిజిస్టరులో పేరు ఎక్కడానికి అదొక్కటే మార్గం. నెల జీతం, పీఎఫ్, క్వార్టరు, బడి, దవాఖానా. ఊళ్లో పేరు చివర 'గాడు' అని పిలిపించుకున్న మనిషిని ఫ్యాక్టరీలో హాజరుపట్టీ పూర్తి పేరుతో పిలిచింది. షిఫ్టు కూత అందరికీ ఒకేలా మోగింది. భూమి లేనివాడికి ఒక పర్మనెంట్ ఉద్యోగం అంటే తర్వాతి తరానికి చదువు. దాని విలువ ఏ బ్యాలెన్స్ షీటులోనూ ఉండదు.

ఏం అమ్మారు?

తొంభైల చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ రంగ సంస్థలను వదిలించుకునే కార్యక్రమం పెట్టుకుంది. దానికి బ్రిటన్ ప్రభుత్వ సహాయ నిధులు వచ్చాయి, ఆడం స్మిత్ ఇన్‌స్టిట్యూట్ సలహాదారులు వచ్చారు. 2001 డిసెంబరులో బాల్కో కేసులో సుప్రీంకోర్టు పెట్టుబడుల ఉపసంహరణ ప్రభుత్వ విధాన విషయమని, దాన్ని ఆపే హక్కు ఉద్యోగులకు లేదని తేల్చింది. ఆ మరుసటి ఏడాదే, 2002లో, నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. శక్కర్‌నగర్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లతో నిజాం దక్కన్ షుగర్స్ ఏర్పడింది.

ధర తక్కువని విమర్శలు వచ్చాయి, భూముల మీద అనుమానాలు వచ్చాయి, శాసనసభా సంఘం కూడా వేశారు. ఆ విమర్శలన్నీ సరైనవే. కానీ 51 శాతం దాటిన రోజున ఇంకోటి కూడా చేతులు మారింది. ప్రభుత్వ వాటా 49కి పడిపోతే అది ప్రభుత్వ సంస్థ కాదు. ప్రభుత్వ సంస్థ కాకపోతే రోస్టర్ లేదు. ఏ జీవోలోనూ రిజర్వేషన్ రద్దు చేస్తున్నామని రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు. వాటా అమ్మితే చాలు, హక్కు దానంతటదే పోతుంది. చదువులో ప్రైవేటు సంస్థలకూ రిజర్వేషన్ వర్తించేలా 15(5) అధికరణ తెచ్చుకున్నాం. ఉద్యోగాల విషయంలో అలాంటిది ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత చెరకు కూడా తగ్గుతూ వచ్చింది. మంజీరా మీద ఎగువన సింగూరు కట్టాక నీటిలో పెద్ద వాటా హైదరాబాద్ తాగునీటికి వెళ్లింది. నిజాంసాగర్ నిండని ఏళ్లు వచ్చాయి. బకాయిలతో విసిగిన రైతు వరికి మళ్లాడు, కొందరు కామారెడ్డి వైపు ప్రైవేటు మిల్లులకు చెరకు పంపారు. నిజామాబాద్ పక్కన సారంగపూర్‌లోని సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతబడింది. 2014లో రాష్ట్రం వచ్చింది, ఫ్యాక్టరీని ప్రభుత్వమే తీసుకుంటుందన్న హామీ వచ్చింది. 2015 డిసెంబరు 23న మాత్రం వచ్చింది లేఆఫ్ నోటీసు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు నాయకత్వంలో పునరుద్ధరణ కమిటీ ఏర్పడింది.

మిగిలింది బీడీ, దుబాయి

ఫ్యాక్టరీ మూతబడిన ఊళ్లో ఇంటిని నడుపుతున్నది ఆడవాళ్ల వేళ్లు. నిజామాబాద్ ప్రాంతం బీడీల తయారీకి పేరుపడ్డది. తునికాకు నానబెట్టి, రేకు అచ్చు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి ముడవాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆకు పాడైనా, తంబాకు చాలకపోయినా ఆ నష్టం చుట్టినదాని మీదే పడుతుంది. కార్ఖానాలో నాణ్యత బాగోలేదని పక్కన పడేసిన బీడీలకు కూలి రాదు. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి.  పీఎఫ్ నంబరు లేకపోతే ప్రభుత్వం ఇచ్చే జీవనభృతి అందదు. ఇందులో దళితులు, బీసీలు, ముస్లిం మహిళలు పక్కపక్కనే ఉన్నారు. ఈ ఊళ్లో నిజమైన ఐక్యత కనిపించేది బీడీ చాటల చుట్టూనే.

మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు. చదువు, పూచీకత్తు ఉన్నవాడికి ఒక రకం వీసా, లేనివాడికి అప్పు చేసి కొన్న వీసా. ఏజెంటు అప్పుకూ పాత భగేలా అప్పుకూ తేడా పాస్‌పోర్టు ఒక్కటే. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. అది అవసరమే. అయితే అది చావుకు ఇచ్చే డబ్బు, బతకడానికి ఇక్కడే పని కావాలి.

రైతులు తమ గొంతు ఎలా వినిపించాలో 2019లో చూపించారు. పసుపు, ఎర్రజొన్న ధరల కోసం 178 మంది రైతులు నిజామాబాద్ లోక్‌సభకు నామినేషన్ వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులతో దేశం తిరిగి చూసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. మంచిదే. ఆ పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే కూలీల గురించి బోర్డు ఏం చేస్తుందన్నది కూడా అడగాల్సిన ప్రశ్న.

ఇప్పుడు అడగాల్సింది

ఫ్యాక్టరీ తెరవాలి. అందులో రెండో మాట లేదు. కానీ ఏ పద్ధతిలో అన్నది మనకు ముఖ్యం. ప్రభుత్వమే నడిపితే రోస్టర్ తిరిగి వస్తుంది. ప్రైవేటు భాగస్వామి వస్తే, 49 శాతానికి దిగే ముందే ఒప్పందంలో రిజర్వేషన్ షరతు రాయించాలి, తర్వాత అడిగితే దొరకదు. రైతుల సహకార సంఘం అన్న ప్రతిపాదన గతంలో వచ్చింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సహకార చక్కెర మిల్లులో వాటా, ఓటు చెరకు పండించేవాడివి. భూమి లేనివాడు అందులో సభ్యుడు కాలేడు. కూలీలకూ కార్మికులకూ వాటా లేని సహకారం మళ్లీ భూమి ఉన్న కులాల సంఘమే అవుతుంది.

ఫ్యాక్టరీ భూముల్లో మిగిలినవి ఎన్ని, ఎవరి స్వాధీనంలో ఉన్నాయన్నది బయటపెట్టాలి. వాటి మీద మొదటి హక్కు లేఆఫ్ అయిన కార్మికులది, భూమిలేని దళిత కుటుంబాలది. 2025లో అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ గురించి ఈ జిల్లా మాల, మాదిగ యువకులు ఎంతో మాట్లాడుకున్నారు. 15 శాతంలో ఎవరికెంత అన్నది న్యాయమైన చర్చ. కానీ పంచుకునే ఉద్యోగాలు గేటు బయటికి వెళ్లిపోతుంటే ఆ 15 శాతం కాగితం మీదే మిగులుతుంది. ఆ గేటు దగ్గర మాత్రం రెండు వాడలూ కలిసి నిలబడాలి.

శక్కర్‌నగర్‌లో కూత మళ్లీ మోగే రోజు వస్తే హాజరుపట్టీలో ఎవరి పేర్లుంటాయన్నది ఆ రోజు తేలదు. ఇప్పుడు జరుగుతున్న చర్చల్లోనే తేలిపోతుంది. ఆ బల్ల దగ్గర మన కుర్చీ ఉందా లేదా అన్నది ముందుగా చూసుకోవాలి.